గోడ మీద అరచెయ్యి

వానలకు గోపన్‌పల్లిలో మా స్నేహితుల గ్రౌండ్ ఫ్లోర్ ఇంట్లోకి మోకాలెత్తు నీళ్లొచ్చాయి. బురద ఎత్తిపోయడానికి, ఉబ్బిన పాత రంగు గీకడానికి నేను ప్రతి ఆదివారం వెళ్లేవాణ్ణి. రంగులు వేయడానికి కుదిరిన పెద్దాయన కూడా ఆ రోజే వచ్చేవాడు. వచ్చీరాగానే ఒక్కో గోడకూ అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడేవాడు. తర్వాత తల అడ్డంగా ఊపి, "ఇంకా తడి ఉన్నది. గిప్పుడు ఏస్తే పొక్కులొస్తయ్," అని వెళ్లిపోయేవాడు.

నాలుగో ఆదివారమూ అదే మాట అనేసరికి మా స్నేహితుడి భార్య చీపురు పడేసి నేలమీద కూలబడింది. "పొక్కులొచ్చినా పర్లేదండీ, వేసెయ్యండి. ఇంక నావల్ల కాదు," అని ఏడ్చింది.

ఆయన వంటింట్లోకి వెళ్లి గోడలన్నీ తడిమి వచ్చాడు. "వంటిల్లు ఆరింది బిడ్డా. ఇయ్యాల గది ఏసిస్త. ఏ రంగు గావాలె?"

"పసుపు," అందామె ముక్కు తుడుచుకుంటూ.

మిగతా గోడలు ఆరడానికి ఇంకో నెల పట్టింది. ఆ నెలంతా మా స్నేహితుడూ, భార్యా ఆ పసుపు వంటింట్లోనే చాపేసుకుని పడుకున్నారు.