సిక్ లైను

వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర బొగ్గులు రాజుకుంటే చాలు, ఈ వయసులోనూ నా కాళ్లు ఒకచోట నిలవవు. బిట్రగుంట రైల్వే కాలనీలో, బొగ్గు ఇంజన్ల పొగ పీలుస్తూ పెరిగిన ముక్కు నాది.

తొమ్మిదో తరగతి మొదలైన రోజు హెడ్మాస్టరుగారు వచ్చి కొన్ని పేర్లు చదివారు. "మీరంతా పక్క గదికి పొండి. ఇకమీదట మీకు కాంపోజిట్ లెక్కలు, మిగతావాళ్లకి మామూలు లెక్కలు" అన్నారు. ఎందుకో చెప్పలేదు, ఇష్టమేనా అని ఎవరినీ అడగలేదు. ఆడపిల్లల్లో నేనొక్కదాన్నే లేచాను. నా పక్కన కూర్చునే రూతమ్మ నా పుస్తకాలు సర్ది ఇచ్చింది.

మా నాన్న యార్డులో ఫిట్టరు. అక్కడ వరసలోంచి విడదీసి పక్క పట్టాల మీదికి తోసేది చెడిపోయిన రైలు పెట్టెలనే. దాన్ని సిక్ లైను అనేవాళ్లు. నాలో ఏం చెడిందో తెలియక సాయంత్రమంతా ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగాను. యార్డులో పెట్టెలు గుద్దుకున్నప్పుడల్లా ఆగి అటు చూశాను.

నాన్న మసి చేతులతో వచ్చి, నా మాట విని నవ్వాడు. "సిక్ లైను కాదుమ్మే. మార్కులు బాగా వచ్చినోళ్లని ఏరి ఎక్స్‌ప్రెస్‌కి తగిలించినారు."

"మరి రూతమ్మ?"

"ఆ పిల్లకి రాలేదు గదా" అంటూ చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

ఆ ఏడాదంతా నేను కొత్త గదిలో కిటికీ వైపే చూస్తూ గడిపాను. సాయంత్రాలు రూతమ్మ నా పుస్తకం లాక్కుని, మా మెట్ల మీద బొగ్గు ముక్కతో ఆ లెక్కలు చేసేది. తప్పొస్తే అరచేత్తో తుడిచి మళ్లీ మొదలుపెట్టేది. చీకటి పడినా లేచేది కాదు.

ఆ లెక్కలు కావాలా అని మార్కులొచ్చిన నన్ను ఎవరూ అడగలేదు. రాని రూతమ్మనూ అడగలేదు. అడిగి ఉంటే, ఆ రోజు నాకంటే ముందు తనే లేచేది.