కాలని బుర్ర

దేవుడున్నాడని లెక్కలతో రుజువు చేసేవాడు మా నాన్న. ఉద్యోగం బిలాస్‌పూర్‌కి ఒక స్టేషన్ అవతల, అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్‌గా. ఆదివారం సాయంత్రాలు బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని మా క్వార్టర్ వరండాలో శ్రీకాకుళం వైపు వాళ్ళు పదిమంది చేరేవారు. టీ గ్లాసులు ఖాళీ అయ్యాక నాన్న మొదలుపెట్టేవాడు.

"రెండూ రెండూ నాలుగు. దాన్నెవరైనా చూసేరేటి? ముట్టుకున్నారేటి? మనం పుట్టకముందూ నాలుగే, పోయాకా నాలుగే. మరా నాలుగు ఎవరి బుర్రలో ఉన్నట్టు? మన బుర్రలు కాలిపోతాయి కదా! కాలని బుర్ర ఒకటుండాల. ఆడే భగవంతుడు."

నేనప్పుడు బీఎస్సీ లెక్కలు చదువుతున్నాను. మా కాలేజీలో ఎవరూ చెప్పని మాట మా నాన్న చెప్తున్నాడని పొంగిపోయేదాన్ని. వెర్రిదాన్ని.

వరండా మెట్ల మీద ఒకాయన కూర్చునేవాడు. నాన్న స్టేషన్ పక్క గేటుకి గేట్‌మన్, మా ఊళ్ళ వైపు మనిషే. నాన్న ఆయన్ని చూపించి మరీ చెప్పేవాడు. "ఈడి గేటు నాకు కనబడదు. ఫోన్లో నంబరొకటి చెప్తాడు. అది విని నేను సిగ్నలిచ్చేస్తాను. కనబడనిదాన్ని నమ్మడమంటే అదే."

ఆ నంబరు సంగతి చెప్పాలి. బండి వచ్చే ముందు గేట్‌మన్ గేటు వేసి, తన దగ్గరున్న కాగితంలోంచి ఒక ప్రైవేట్ నంబర్ చెప్పాలి. స్టేషన్‌లో దాన్ని రిజిస్టర్‌లో రాసుకుంటారు. నంబరు రాసి ఉంటే గేటు పడినట్టే లెక్క.

ఎండాకాలం సెలవుల్లో ఒక మధ్యాహ్నం, నాన్నకి కేరేజీ పట్టుకుని పాసింజర్‌లో వెళ్ళాను. నాన్న ఫోన్‌లో అరుస్తున్నాడు.

"లారీ అడ్డంగుంటే ఏటి? అదే దాటిపోద్ది. బండి సిగ్నల్ దగ్గర నిలబడిపోయింది, పైనుంచి నన్ను తింటన్నారు. ముందు నంబరిచ్చీ, గేటు తర్వాత ఏద్దువు. రోజూ ఇచ్చేదే కదా!"

అవతల్నుంచి గేట్‌మన్ నంబరిచ్చాడు. యాభై మూడు. నాన్న రాసుకుని సిగ్నల్ ఇచ్చేశాడు. నేను కేరేజీ గిన్నెలు విప్పుతున్నాను.

లారీ దాటింది. దాని వెనకే బెల్తరా అనే ఊరి నుంచి కూరగాయల బుట్టతో సైకిల్ మీద వస్తున్నాయన దాటలేకపోయాడు. బండి కింద పడి అక్కడికక్కడే పోయాడు.

విచారణలో గేట్‌మన్, "బాబే ముందు నంబరిమ్మన్నారు" అన్నాడు. నాన్న రిజిస్టర్ తెరిచి చూపించాడు. గేటు పడ్డాకే నంబరివ్వాలన్నది రూలు, ఇచ్చాడు, నమ్మాను అన్నాడు. గేట్‌మన్ ఉద్యోగం పోయింది.

ఆయన భార్య మా క్వార్టర్‌కి వచ్చింది, లోపలికి రమ్మన్నా రాలేదు. "ఆ పూట నువ్వక్కడే ఉన్నావట కదమ్మా. నువ్విన్నావు. పెద్దసారుకి ఒక్క మాట సెప్పమ్మా, మా ఇల్లు నిలబడతాది."

"దానికేటి తెలుసు, సదువుకునే పిల్ల" అంది మా అమ్మ. నేను కుక్కిన పేనులా కూర్చున్నాను.  ఆవిడ వెళ్ళిపోయింది. వాళ్ళు గేటు పక్క క్వార్టర్ ఖాళీ చేసి ఎక్కడికి పోయారో నేను కనుక్కోలేదు.

నెల తిరక్కుండానే వరండాలో మళ్ళీ రెండూ రెండూ నాలుగు మొదలైంది. నాన్నకి సిగ్గనిపించలేదా అని ఇప్పటికీ నాకు కోపం. గేట్‌మన్ కూర్చునే మెట్టు మీద ఆ రోజు చెప్పులున్నాయి. "అంకె అబద్ధమాడదు. లెక్కల దానివి, నువ్వు చెప్పు, అవునా కాదా?" అన్నాడు నాన్న అందరి ముందూ.

"అవును నాన్నా" అన్నాను.

నాన్న పోయి చాలా ఏళ్ళయింది. అర్పా నది ఒడ్డున ఆ బుర్ర కాలిపోయింది. రేపు నాదీ కాలిపోతుంది. "ముందు నంబరిచ్చీ" అన్న మాట మాత్రం నిజంగా అన్నదే, ఎవరి బుర్ర కాలినా అన్నదే. నాన్న లెక్క సరైనదైతే అది ఎక్కడో ఒక చోట భద్రంగా ఉండాలి. దాని పక్కనే, నేను చెప్పని మాట కూడా.

దేవుణ్ణి నమ్ముతావా అని ఎవరైనా అడిగితే లేదంటాను. నమ్మకం లేక కాదు, ఉన్నాడేమోనన్న భయంతో.