ఫ్లోరెన్స్ టీచరుగారి మూగ గంటలు

రాసింది రాసినట్టు ఉండాలనడం ఫ్లోరెన్స్ టీచరుగారి జబ్బు. ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి ఆవిడ రిటైరయ్యారు గానీ జబ్బు రిటైరవలేదు. హోటల్ బోర్డు మీద 'బోజనం' అని కనిపిస్తే, పస్తులైనా ఉంటారు గానీ వత్తు పెట్టేదాకా లోపల అడుగు పెట్టరు. పెళ్లికార్డు వస్తే తప్పులు దిద్ది వెనక్కి పంపుతారు. పెళ్లికి మాత్రం వెళ్లి సుబ్బరంగా తింటారు.

ఆవిడ శిష్యులు జగ్గయ్యపేటలో ఆవిడ ఎదురైతే పక్క సందులోకి తప్పుకుంటారు. వాసింకి ఆ అదృష్టం లేదు. ఆన్‌లైన్ పార్సిళ్లు అందించే ఉద్యోగం, పైగా ఆవిడ వీధే.

ఒకరోజు పార్సిల్ ఇచ్చి బండి ఎక్కుతుంటే పిలుపొచ్చింది.

"ఒరే వాసిం, ఇవేంట్రా?"

"డంబెల్స్ టీచర్. కండలు పెంచుకోడానికి." అరవై ఆరో ఏట ఆవిడ పూనికకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

"నేను తెప్పించింది గంట! పెనుగంచిప్రోలు స్కూల్లో గంట పగిలిపోయిందంటే ఇద్దామని. ఇది చదువు."

ఫోన్లో తెలుగులో ఉంది: 'ఇనుప మూగ గంటలు, జత, పది కిలోలు.'

"మూగ గంటేంటి టీచర్?"

"నాలుక లేనిది. సుత్తితో కొట్టేది. ఆ మాత్రం తెలీదా?"

"పక్కనే ఫోటో ఉందిగా!"

"బొమ్మలు చూసి చదివేది ఒకటో క్లాసు వాళ్లురా."

డబ్బు వాపసు ఇమ్మని అడిగితే, ఫోటోలో ఉన్నదే పంపాం కాబట్టి కుదరదని కంపెనీ జవాబు. ఆ రోజు నుంచీ కస్టమర్ కేర్‌కే కేర్ అవసరమైంది.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం మేడమ్."

"చింతించకు నాయనా, విచారించు."

"మీ ఫిర్యాదు ముగించబడింది మేడమ్."

"ఆ 'బడింది' వద్దు. ఎవరు ముగించారో పేరు చెప్పు."

నాలుగు రోజుల్లో ఆరుగురు ఫోన్ పెట్టేశారు. చివరికి టీచరుగారు అట్టపెట్టె తిప్పి అమ్మినవాళ్ల అడ్రసు చదివారు. నందిగామ.

"పదరా," అన్నారు.

వాసిం సెలవు పెట్టాడు. పెట్టకపోతే ఏమవుతుందో అతనికి తెలుసు. చేతికో ఐదు కిలోలు మోసుకుంటూ నందిగామలో బస్సు దిగి సందులన్నీ తిరిగేసరికి, డంబెల్స్ ఉపయోగం ఏమిటో అతనికి పూర్తిగా అర్థమైంది.

అమ్మకందారు రుబీనా అనే అమ్మాయి. ముందుగదిలోనే ఆటసామాను పేర్చుకుని వ్యాపారం చేస్తోంది. వచ్చిందెవరో తెలియగానే మొహం పాలిపోయింది.

"డబ్బులు ఇప్పుడే ఇచ్చేస్తానండీ. ఫిర్యాదు మాత్రం తీసెయ్యండి. ఇప్పటికే రెండున్నాయి. ఇంకోటి పడితే నా షాపు తీసేస్తారండీ."

"ముందు మిగతావి చూపించమ్మా."

రుబీనా ఫోన్ అందించింది. 'షటిల్ కోడిపుంజులు, తెల్ల ఈకలు, అరడజను.' దాని కింద, 'కీచురాయి గబ్బిలం, చిన్నపిల్లలకు.'

"ఈ గబ్బిలం ఏంటమ్మా?"

"క్రికెట్ బ్యాటండీ."

"ఎవరు రాశారిది?"

"మెషినండీ. ఇంగ్లీషులో పెడితే అదే తెలుగు చేసేస్తుంది. నేను ఇంగ్లీషు మీడియం. తెలుగు మాట్లాడతా గానీ... చదవడం రాదండీ."

వాసిం కళ్లు మూసుకున్నాడు. ఫ్లోరెన్స్ టీచరుగారి ఎదుట ఆ మాట అని బతికి బట్టకట్టినవాళ్లను అతనెరగడు.

పిడుగేమీ పడలేదు. కళ్లు తెరిచి చూస్తే టీచరుగారు చాప మీద చతికిలబడి కళ్లజోడు తుడుచుకుంటున్నారు.

"కాగితం తే అమ్మా. ఒక్కొక్కటీ ఏమిటో చెప్పు, రాసిస్తా."

సాయంత్రానికి అరవై వస్తువులకీ మంచి తెలుగు వచ్చింది. ఫిర్యాదు పోయింది. డబ్బు మాత్రం ఆవిడ పైసా వదలకుండా తీసుకున్నారు. జాలి వేరు, లెక్క వేరు. స్కూలు గంట సంగతి పాత ఇనుప కొట్లో దొరికిన రైలుపట్టా ముక్కతో తేలిపోయింది.

అప్పట్నుంచీ ప్రతి గురువారం ఆవిడ సొంత ఖర్చుతో నందిగామ బస్సెక్కుతున్నారు. రుబీనాకి అ ఆలు నేర్పడానికి. ఆ సంగతి ఎవరికీ చెప్పరు. అడిగితే "పనుంది" అంటారు.

మూడు నెలలకి రుబీనా మొదటిసారి సొంతంగా రాసింది. టీచరుగారు వాసింని వీధిలోనే ఆపి ఫోన్ చూపించారు. 'గెంతే తాడు. పిల్లలకు, పెదలకు మంచిది.'

వాసిం మొహం వెలిగిపోయింది. "టీచర్! 'పెదలకు' అంట! ద వత్తేదీ? ఏడో క్లాసులో ఇదే తప్పుకి నన్ను బెంచీ ఎక్కించారు!"

"నోర్ముయ్‌రా. ఎంత ముద్దుగా రాసిందో చూడు," అని టీచరుగారు అక్కడికక్కడే రెండు తాళ్లు ఆర్డరు పెట్టేశారు.