స్టాప్ బటన్ మీద ఎస్తేరక్క వేలు

మా చిన్నప్పుడు నాచారంలో, ఎస్తేరక్క వాళ్ళింట్లో ఒక పాట చివరిదాకా మోగిందంటే అదో పెద్ద వార్త... ఎందుకంటే టేప్‌రికార్డర్ పక్కనే ఆవిడ కూర్చునేది, ఆవిడ వేలు ఎప్పుడూ స్టాప్ బటన్ మీదే ఉండేది.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మీ అందరి మీదా నాకు ఒళ్ళు మండిపోతోంది కాబట్టి. ఎందుకో చివర్లో చెప్తాను.

మేం ముగ్గురం. నేను, మా క్లాసు నవీన్, మాకంటే రెండేళ్ళు పెద్దదైన ఎస్తేరక్క. ముగ్గురికీ ఒకటే పిచ్చి... ఆడని సినిమాల పాటలు. వచ్చిన మర్నాడే థియేటర్ ఖాళీ చేసిన సినిమాలు, పాటలు బయటికొచ్చి తాము మాత్రం డబ్బాల్లోనే ఉండిపోయిన సినిమాలు... అప్పటికి జనం సీడీలకు మారిపోతున్నారు. ఉప్పల్ బస్టాండు దగ్గర ఫుట్‌పాత్ మీద పాత క్యాసెట్లు గుట్టగా పోసి అమ్మేవారు. చేతులు నల్లబడేదాకా ఆ గుట్టలో వెతికేవాళ్ళం. హిట్ సినిమా పాట పట్టుకెళ్తే ఎస్తేరక్క గుమ్మం కూడా తొక్కనిచ్చేది కాదు.

ఆదివారం వాళ్ళు చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక మా సభ మొదలు. పద్ధతి ఏమిటంటే... ఒకరు తెచ్చిన పాటను మిగతా ఇద్దరిలో ఎవరైనా ఎక్కడైనా ఆపేయొచ్చు. కానీ ఎందుకు ఆపారో చెప్పాలి. చెప్పలేకపోతే శిక్షగా ఆ పాట మళ్ళీ మొదటి నుంచీ వినాలి. 'బాగుంది' అనే మాట ఆ గదిలో నిషేధం.

ఎస్తేరక్క చర్చి కోయిర్‌లో పాడేది కదా, సంగీతమంతా తన సొత్తే అనుకునేది మహాతల్లి. శిక్ష పడే అవకాశమే ఇచ్చేది కాదు. కారణం ఎప్పుడూ నాలిక చివరే ఉండేది...

"తబలా కొట్టెటోడు నిద్రల ఉన్నడు. ఆపుతున్న."

"గామె గొంతుల బెల్లం ఎక్కువైంది."

"గిది పాటనా, బడిల ప్రార్థననా?"

నవీన్ గాడు డబ్బింగ్ సినిమాల నుంచి అర్థం పర్థం లేని పాటలు ఏరుకొచ్చేవాడు. నవ్వుకోవడానికైనా అవి కాసేపు బతికేవి. నావి మాత్రం పల్లవిలోనే ప్రాణం వదిలేవి. ఆ టక్కుమనే చప్పుడు వింటే చాలు, ఆవిడ జుట్టు పట్టుకోవాలనిపించేది.

నాకు ఒక్కటే పంతం... ఒక్క పాట, ఒకే ఒక్క పాట, ఆ గదిలో చివరిదాకా మోగాలి. అన్నం తింటున్నా అదే ధ్యాస. "చదువు చట్టుబండలైపోతోంది, ఆ పాత డబ్బాలేంటే ఇంటినిండా" అని మా అమ్మ రోజూ తిట్టేది. మాది తెనాలి వైపు. వీధిలో అందరికంటే నేనే గట్టిగా అరుస్తానని పేరు. అంత అరిచేదాన్ని, ఎస్తేరక్క ముందు మాత్రం నోరు పెగిలేది కాదు.

తర్వాత వాళ్ళ నాన్న పనిచేసే కంపెనీ మూతపడింది. జనగామ దగ్గర సొంతూరికి వెళ్ళిపోతున్నామని చెప్పింది. ఆఖరి ఆదివారం వెళ్ళేసరికి సామాను సగం మూటల్లో ఉంది. టేప్‌రికార్డర్ ఒక్కటే కిటికీలో మిగిలింది.

"ఏం దెచ్చినవ్? పెట్టు జల్ది" అంది, నా మొహం కూడా చూడకుండా.

కవరు లేని క్యాసెట్ అది. విడుదలే కాని సినిమా. పెట్టాను.

పల్లవి అయింది. వేలు బటన్ మీదే ఉంది. మొదటి చరణం... రెండో చరణం... నవీన్ పాటను వదిలేసి ఆ వేలినే చూస్తున్నాడు. మూడో చరణం కూడా వచ్చింది, వెళ్ళింది. పాట అయిపోయింది... వేలు కదల్లేదు!

నేను ఎగిరి గంతేసేలోపు ఆవిడ నోరు తెరిచింది.

"మూడో చరణం దండగ."

అంతే. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "వెళ్ళిపోయే రోజు కూడా మంచి మాట రాదా నీకు?" అని అరిచేశాను... ఎస్తేరక్క ముందు అరవడం అదే మొదటిసారి.

"మొత్తం ఇన్న గదా పిల్లా. ఇంకేం గావాలె నీకు?" అంది.

విసవిసా ఇంటికొచ్చేశాను. తెలంగాణ వచ్చిన ఏడాది అటు వెళ్తే ఆ ఇల్లు లేదు, అపార్ట్‌మెంట్ లేచి ఉంది. ఎస్తేరక్క ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

ఇక మీ సంగతి. పోయిన వారం ఆ పాటనే ఇక్కడ పెట్టాను. పొయ్యి మీద చాయ్ మరిగేలోగా లైకులే లైకులు... సూపర్ అట, వావ్ అట, ఆ రోజులే వేరట. నేనూ మురిసిపోయాను, దాచేదేముంది! మర్నాడు తీరిగ్గా వింటే అప్పుడు తెలిసింది... ఎక్కించడంలో ఏదో తేడా వచ్చి, పాట రెండో చరణం మధ్యలోనే తెగిపోయింది.

ఇంతమందిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు "పాట తెగిపోయిందండీ" అనలేదు.

నా పాటల పీక అన్నిసార్లు నొక్కేసిన మనిషే నాకు దొరికిన అసలైన శ్రోత అని ఇన్నేళ్ళకు మీ పుణ్యమా అని తెలిసొచ్చింది. మీ పాటల్ని అలా మధ్యలో ఆపేసినవాళ్ళు మీకూ ఉంటే, కింద రాయండి. ఉత్తినే 'సూపర్' అని పెట్టినవాళ్ళను మాత్రం బ్లాక్ చేస్తాను, చెప్పలేదనుకోవద్దు.

ఎస్తేరక్కా... ఈసారి పాట మొత్తం పెట్టాను. మూడో చరణం దండగ కాదు. కాదంటావా... రా, వచ్చి కొట్లాడు.