రెండో సీసా

1998 జూన్‌లో నన్ను సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా కోనసీమలో ఒక ప్రభుత్వాసుపత్రికి బదిలీ చేశారు. ఓపీ, వార్డు, కాన్పుల పిలుపులతో పాటు వంతుల ప్రకారం శవపరీక్షలు చేయడం కూడా ఉద్యోగంలో భాగమే. ఆ పని ఇష్టపడి చేసే డాక్టరును నేను చూడలేదు. నేనూ వంతు వచ్చినప్పుడు గబగబా ముగించి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని వార్డుకు వెళ్ళిపోయేవాణ్ణి.

శవపరీక్షకు ముందు పోలీసులు శవపంచాయితీ జరిపి పంచనామా, రిక్విజిషన్ కాగితం మాకు ఇవ్వాలి. మరణకారణం బల్ల మీదే తేలకపోతే అవయవాల్లోంచి ముక్కలు తీసి పైకి పంపుతాం. అందుకు రెండు రకాల సీసాలు ఉంటాయి. విషం అనుమానం ఉంటే కడుపు, పేగు, కాలేయం, మూత్రపిండం ముక్కలను చిక్కటి ఉప్పునీళ్ళలో వేసి, సీలు వేసి ఫోరెన్సిక్ లాబరేటరీకి పంపాలి. కణజాలాన్ని సూక్ష్మదర్శినిలో చూడాలంటే వేరే ముక్కలు కోసి ఫార్మలిన్‌లో వేసి వైద్య కళాశాల పాథాలజీ విభాగానికి పంపాలి. తారుమారైతే రెండూ చెడతాయి. ఫార్మలిన్ తగిలితే విషపరీక్షలు కుదరవు. ఉప్పునీళ్ళలో కణజాలం ఆకారం నిలవదు. నిజం చెప్పాలంటే ఈ రెండో సీసా మేము నింపేది తక్కువ. దానికి మరో ఉత్తరం, మరో సీలు, రెండు బస్సులు మారి వెళ్ళడానికి మరో కానిస్టేబులు కావాలి.

మరుసటి ఏడు అక్టోబరులో వారం రోజులు వాన వదల్లేదు. కాలవలు పొంగి చేలన్నీ మునిగాయి. కాట్రేనికోన వైపు ఒక ఊళ్ళో దుర్గారావు అనే కూలీ, వయసు ముప్పై రెండు, తమ్ముడు వెంకన్నతో కలిసి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి గట్లు తెగ్గొట్టి నీరు తీసే పనికి వెళ్ళాడు. కొన్నాళ్ళకు అతనికి జ్వరం వచ్చింది. తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి. భార్య సత్యవతి అతన్ని పల్లాలమ్మ దగ్గరికి తీసుకువెళ్ళింది. పల్లాలమ్మ ఆ చుట్టుపక్కల పచ్చకామెర్లకు పసరు పోసే మనిషి. పసరు తాగడం మొదలుపెట్టిన మూడో పొద్దున దుర్గారావు నెత్తురు దగ్గి చనిపోయాడు. అతని మేనమామ స్టేషనుకు వెళ్ళి, పసరు పోసి చంపేసిందని ఫిర్యాదు ఇచ్చాడు.

పల్లాలమ్మంటే నాకు ఒళ్ళుమంట. అంతకు ముందు వేసవిలో కామెర్లు వచ్చిన ఒక గర్భిణిని, పది రోజులు ఆవిడ పసరు తాగించాక, స్పృహ లేని స్థితిలో మా వార్డుకు తెచ్చారు. ఆమెను నేను బతికించలేకపోయాను. ఆ కోపం నాలో అలాగే ఉండిపోయింది. రిక్విజిషన్‌లో పల్లాలమ్మ పేరు చూడగానే, ఇన్నాళ్ళకు దొరికిందనుకున్నాను. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు. ఆ రోజు కామెర్లు శవానికే కాదు, నాకూ ఉన్నాయి.

శరీరమంతా పసుపు పచ్చగా ఉంది. కాలేయం కొద్దిగా పెరిగింది. మూత్రపిండాలు ఉబ్బాయి. ఊపిరితిత్తుల నిండా నెత్తుటి మచ్చలున్నాయి. వివరాలన్నీ రాసుకున్నాను కానీ వాటి గురించి ఆలోచించలేదు. కడుపులో మిగిలిన ఆకుపచ్చ ద్రవం చాలనిపించింది. ఉప్పునీళ్ళ సీసాలు మాత్రమే సిద్ధం చేయమన్నాను. మార్చురీ అటెండరు ఏసుదాసు ఇరవై ఏళ్ళుగా ఆ గదిలో పనిచేస్తున్నాడు. తక్కువ మాట్లాడేవాడు. ఆ రోజు ఫార్మలిన్ సీసా కూడా తెచ్చి బల్ల చివర పెట్టాడు. అదెందుకని కసిరాను.

"పసరు తాగిన శవాలు మనం ఇదివరకు చూసేమండి. ఊపిరితిత్తులు ఇలా లేవండి," అన్నాడు.

నాకు పాఠం చెబుతావా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఎందుకంటే అతను చెప్పింది నిజం. కాలేయం, మూత్రపిండం, ఊపిరితిత్తి, గుండెల్లోంచి వేలెడు మందం కూడా లేని ముక్కలు కోసి రెండో సీసాలో వేశాను. ముక్క మందమైతే ఫార్మలిన్ లోపలికి దిగేలోపే మధ్యభాగం కుళ్ళిపోతుంది.

ఎస్.ఐ.గారు ఆ సాయంత్రమే వచ్చారు. విషం అని ఒక్క మాట రాసిస్తే పల్లాలమ్మను రిమాండుకు పంపుతానన్నారు. రాయాలని నాకూ ఉంది. కానీ రెండు సీసాలు పంపి అభిప్రాయం ఒక దానికే రాయడం కుదరదు. 'పరీక్షా ఫలితాలు వచ్చేవరకు అభిప్రాయం నిలిపి ఉంచడమైనది' అని రాశాను. ఆయనకు నచ్చలేదు. పల్లాలమ్మను రోజూ పొద్దున స్టేషనుకు పిలిపించి, సాయంత్రం దాకా వరండాలో కూర్చోబెట్టడం మొదలుపెట్టారు.

దుర్గారావు పోయిన పదో రోజున సత్యవతి తన మరిది వెంకన్నను రిక్షాలో మా ఆసుపత్రికి తెచ్చింది. జ్వరం, ఒళ్ళునొప్పులు. పిక్కల మీద చెయ్యి వేస్తే కేక పెట్టాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నువ్వూ పసరు తాగావా అని కోపంగానే అడిగాను. వాడు చెప్పిన జవాబు నాకింకా గుర్తుంది.

"లేదండి. రాత్రి వెళితే ఆవిడ పొయ్యలేదండి. కళ్ళు చూసి, ఇది నా చేతిలో జబ్బు కాదు, పెద్దాసుపత్రికి ఫో అని తిట్టి పంపేసిందండి."

వాణ్ణి వార్డులో చేర్చి నేను తిన్నగా స్టేషనుకు వెళ్ళాను. పల్లాలమ్మ వరండాలో గోడకు చేరబడి కూర్చుంది. అరవై దాటిన సన్నటి మనిషి. నేను పోలీసుల తరఫున వచ్చాననుకుని లేచి నిలబడింది. వెంకన్నకు పసరు ఎందుకు పొయ్యలేదని అడిగాను.

"దుర్గారావుకి కళ్ళు ముందు ఎర్రబడి, తర్వాత పచ్చబడ్డాయంటండి. ఆ మాట సత్యవతి నాకు తర్వాత చెప్పింది. నేను చూసే కామెర్లకి కళ్ళు ఎర్రబడవండి, పిక్కలు పట్టెయ్యవండి. అది తెలవక పోసేను బాబుగారూ. మనిషి పోయేడు. మళ్ళీ అలాంటోడికి ఎలా పోస్తానండి?"

ఈ మాట పోలీసులకు ఎందుకు చెప్పలేదన్నాను. అడగలేదండి, అంది. నిజానికి నేనూ అడగలేదు. ఆ వరండాలో నాకు సిగ్గేసింది.

ఆసుపత్రికి తిరిగివచ్చి వైద్య కళాశాల పాథాలజీ ప్రొఫెసరు గారికి ఫోను చేశాను. ఆవిడ పొదుపుగా మాట్లాడే మనిషి. స్లైడ్లు చూశాననీ, కాలేయం విషం తిన్నట్టు లేదనీ, మూత్రపిండం నాళికలు మాత్రం బాగా దెబ్బతిన్నాయనీ చెప్పారు. ఎర్ర కళ్ళు, పిక్కల నొప్పి, మునిగిన చేలు, అన్నీ విన్నాక ఆ పొలాల్లో ఎలకలు ఉన్నాయా అని అడిగారు. వాన పడితే కోనసీమలో ఎలకలన్నీ గట్ల మీదికే చేరతాయి. అవి మూత్రం పోసిన నీళ్ళలో పగిలిన కాళ్ళతో నిలబడితే లెప్టోస్పైరోసిస్ రావచ్చని ఆవిడ అన్నారు. కణజాలానికి వెండి ఉప్పుతో రంగు వేసి చూస్తాననీ, ఈలోగా ఆ కుర్రవాడికి పెన్సిలిన్ మొదలుపెట్టమనీ చెప్పారు. ఆ సాయంత్రమే మొదటి ఇంజెక్షను ఇచ్చాను.

రెండు రోజులు వెంకన్నకు మూత్రం సరిగా రాలేదు. సత్యవతి మంచం పక్కనుంచి కదల్లేదు. భర్త పోయిన పదమూడో రోజు కూడా వార్డులోనే గడిపింది. మూడో రోజు మధ్యాహ్నం సీసా నిండా మూత్రం వచ్చిందని నర్సు చెబితే, పరుగెత్తుకెళ్ళి చూశాను. ఒక సీసా మూత్రం చూసి అంత సంతోషించిన రోజు నా సర్వీసులో మరొకటి లేదు. ఆ సాయంత్రమే ప్రొఫెసరు గారి ఫోను వచ్చింది. దుర్గారావు మూత్రపిండం ముక్కలో, నాళికల మధ్య, సన్నటి నల్లటి దారప్పోగుల్లాంటి క్రిములు కనిపించాయి.

వారంలో రాతపూర్వక నివేదిక వచ్చింది. నేను తుది అభిప్రాయం రాశాను. విషం ఆనవాలు లేదని ఫోరెన్సిక్ లాబరేటరీ చెప్పడానికి మరి కొన్ని నెలలు పట్టింది. ఎస్.ఐ.గారు మాత్రం నా కాగితం చూసిన రోజే పల్లాలమ్మను ఇంటికి పంపేశారు. మేనమామ ఆసుపత్రికి వచ్చి, వెంకన్న మంచం దగ్గర కాసేపు కూర్చుని వెళ్ళిపోయాడు.

నేను పల్లాలమ్మ ఇంటికి వెళ్ళి, ఎర్ర కళ్ళవాళ్ళను, పిక్కలు పట్టేసినవాళ్ళను వెంటనే మా దగ్గరికి పంపమని అడిగాను. పసరు మానమని కూడా చెప్పాను. మొదటి మాటకు సరేనన్నట్టు ఆయ్ అంది. రెండో మాట వినిపించుకోలేదు. ఆ వానాకాలం ముగిసేలోగా 'పల్లాలమ్మ పంపిందండి' అంటూ మా ఓపీకి తొమ్మిది మంది వచ్చారు. ఆరుగురికి అదే జబ్బు. అందరూ నడిచి ఇంటికి వెళ్ళారు. గర్భిణులకు కూడా పసరు పొయ్యకుండా మా దగ్గరికి పంపించడం ఆవిడ ఆ ఏడే మొదలుపెట్టింది. నేను ఆవిడను క్షమించానో, ఆవిడే నన్ను క్షమించిందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

2009లో రిటైరయ్యేవరకు, శవం మీద కత్తి పెట్టకముందే, రెండు రకాల సీసాలూ బల్ల మీద పెట్టించేవాణ్ణి. కొత్తగా చేరిన డాక్టర్లు అడిగితే, మీకు ఏమనిపిస్తోందో తెలియకముందే సీసాలు పెట్టుకోండి, అనిపించాక ఒకటే పెడతారు, అని చెప్పేవాణ్ణి. ఆ రోజు నేను ఉప్పునీళ్ళ సీసాలే నింపి, విషం అని రాసి ఉంటే పల్లాలమ్మ జైలుకు వెళ్ళేది, వెంకన్న తన అన్న దారినే వెళ్ళేవాడు. నా నివేదికలో తప్పుందని ఎవరికీ తెలిసేది కాదు, నాతో సహా.