విమానానికి మంచినీళ్లు

మా కఫీల్‌కి, అంటే నాకు వీసా ఇచ్చిన ఖతరీ యజమానికి, నీళ్లమీదా నేలమీదా దిగే చిన్న విమానం ఉండేది. దానికి మెకానిక్‌ని నేను. ఆ చలికాలం ఆయనకు దానిమీద మొహం మొత్తింది. కొత్తది కొనాలా, పాతదానికే కొత్త ఇంజనూ పరికరాలూ వేయించాలా? విప్పి చూసి చెప్పమన్నాడు.

కొత్తది కొంటే దాన్ని అమ్మిన కంపెనీ మనుషులే చూసుకుంటారు. నాకు ఇంకోచోట పని దొరుకుతుంది. నా బెంగంతా నేను బాబాయ్ అని పిలిచే పెద్దాయన గురించి. కడప వైపు నుంచి హౌస్ డ్రైవరుగా వచ్చి ఇక్కడే ముసలాడయ్యాడు. కఫీల్ పిల్లలు కార్లు వాళ్లే నడుపుకోవడం మొదలెట్టాక ఆయనకు మిగిలిన డ్యూటీ ఒక్కటే. విమానం సముద్రంలో దిగి వచ్చిన ప్రతిసారీ, అల్ ఖోర్ ఊరి దగ్గరున్న కఫీల్ తోటలో, ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడగాలి. ఊళ్లో ఆయన భార్యకు డయాలసిస్ నడిచేది ఈ జీతంమీదే.

"పాతదే చాలని చెప్పబ్బీ. నీ నోట్లో ఉండాది నా బతుకు," అన్నాడు.

"చెప్తాలే బాబాయ్, ఊరికే బుర్ర తినకు," అన్నాను. నిజంగానే అలా చెబుదామనుకున్నాను.

విమానం కింద పడవల్లా ఉండే అల్యూమినియం ఫ్లోట్లు విప్పాను. లోపల రేకు తెల్లగా పొడై రాలుతోంది. నొక్కితే వేలు దిగబడింది. ఒళ్లు మండిపోయింది నాకు.

"ఏం నీళ్లు పోశావయ్యా దీనికి?"

"బోరు నీళ్లబ్బీ."

తోట బోరు నీళ్లు నోట్లో పోసుకోలేం, అంత ఉప్పు. "మంచినీళ్ల ట్యాంకర్ వస్తోంది కదా! నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను కదా!"

"చెప్పినావు. పైపు పట్టుకున్న్యా గానీ చేతులు రాలేదు. మా ఊర్లో బిందె నీళ్లకి కొట్టుకుంటిమి. తాగే నీళ్లు రేకు మీద ఎట్ల పోసేది?"

రాలిన తెల్లపొడిని గుడ్డతో తుడవడం మొదలెట్టాను.

ఆ విమానంలో కఫీల్ తన పిల్లల్ని ఎక్కించుకుంటాడు. అబద్ధం ఎలా చెప్పను? ఇది పనికిరాదన్నాను. ఎందుకు పాడైందో మాత్రం చెప్పలేదు. కొత్తది వచ్చింది. బాబాయ్ వీసా రద్దయింది. ఎయిర్‌పోర్టులో నేనే దింపాను.

కొన్నాళ్లకు ఫోన్ చేశాడు. డయాలసిస్ ఆగిపోయి భార్య పోయిందట. నేనేదో ఓదార్చబోతే ఆపేశాడు.

"నిన్నేమనను. ఆ నీళ్లు పోసింటే ఆమె బతికుండును గదబ్బీ?"