పచ్చరంగు వేసిన ఊరు

పోయిన నెల మా మావయ్య సంవత్సరీకానికి వెళ్తూ ఆనందపురం జంక్షన్‌లో బస్సు దిగి, ఆటో కోసం పూల మార్కెట్ పక్కన నిలబడ్డానో లేదో, జేబులో ఫోను గుర్రుమంది. తీసి చూస్తే కంపెనీవారి సందేశం. మీరున్న ప్రాంతానికి మా అతివేగ నెట్‌వర్క్ వచ్చేసింది, ఇక మీ మాటకు ఆటంకం ఉండదు, ఆనందించండి అని. సరే ఆనందిద్దామని ఆటో ఎక్కాను. హైవే వదిలి, జీడిమామిడి తోటలు దాటి, కొండ మలుపు తిరిగేసరికి ఫోను మీది గీతలు ఒక్కొక్కటీ రాలిపోయి చివరికి ఏమీ మిగల్లేదు. ఆటో అతను నేను ఫోను వంక చూడటం గమనించి, కొత్తవాణ్ణనుకుని, "ఇక్కడ్నించి అంతే బాబూ, ఈ మలుపు కాడ ఫోను సచ్చిపోద్ది" అన్నాడు. నేను నవ్వాను గానీ, ఆ మలుపు సంగతి నాకన్నా బాగా తెలిసినవాడు ఆ చుట్టుపక్కల ఇంకొకడు ఉండడు.

నేను టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా చేసి బయటికొచ్చినవాణ్ణి. మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఇంటికి ఫోను రావాలంటే దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి కాచుకున్న రోజులు, వచ్చిన రోజున దానికి పసుపు కుంకుమ పెట్టి, క్రోషియా గుడ్డ కప్పి, ఇరుగుపొరుగుకు మిఠాయి పంచిన రోజులు. ఆ కొండ వెనకున్న యాభై గడపల ఊరు మా మేనత్త అత్తవారిది. ఊరంతా పూలే, చామంతి, కనకాంబరం, మల్లె. ఆ ఊరికి మొట్టమొదటి ఫోను మా మేనత్త ఇంటికే వచ్చింది. కొండ చరియ వెంట స్తంభాలు పాతి తీగ లాగినవాళ్లలో నేనూ ఒకణ్ణి, అందుకని ఆ ఇంట్లో నాకు అల్లుడి మర్యాదలు జరిగేవి.

మా మావయ్యది మామూలు గొంతు కాదు. పొలం ఈ గట్టు మీద నిలబడి కేకేస్తే ఆ గట్టు మీద ఎద్దు ఆగేది. అటువంటి మనిషి చేతికి రిసీవరు ఇచ్చి, మావయ్యా, అరవక్కర్లేదు, మెల్లగా మాట్లాడినా వినిపిస్తుంది అని నేనెన్ని సార్లు చెప్పినా వినేవాడు కాదు. తెల్లవారగానే మార్కెట్‌లో చామంతి ధర ఎంతుందో కనుక్కుని వీధి వీధంతటికీ చాటింపు వేసేవాడు. తర్వాత ఉక్కునగరంలో ఉన్న కూతురికి, అంటే నా మరదలికి, ఫోను చేసి అల్లుడు ఏ షిఫ్టుకి వెళ్లాడు, పిల్లలు ఏం తిన్నారు అని అడిగేవాడు. మరదలు నవ్వేది, నాన్న మాట తీగలోంచి వస్తోందో కిటికీలోంచి వస్తోందో తెలియదని.

స్తంభాలు పాతినవాళ్లలో ఇంకొకాయన నా జోడీ. చుట్టరికం ఏమీ లేదు, బావా అంటే బావా అనుకునేవాళ్లం, అంతే. ఆయన తండ్రి గోదావరి వైపు నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు, ఈయన మాత్రం మాటలో మా కన్నా రెండాకులు ఎక్కువ చదివిన విశాఖవాడు. ఇరవై ఏళ్లకు పైగా ఒకే నిచ్చెన మోశాం. నా పెళ్లిలో నన్ను ఎత్తుకుని ఊరేగించిందీ ఆయనే, మా నాన్న పోయినప్పుడు పాడె పట్టినవాళ్లలోనూ ఆయన ఉన్నాడు. మా పిల్లలు ఆయన్ని మావయ్యా అనే పిలిచేవాళ్లు. బావ డబ్బాలోని పులిహోర నాకు, మా ఇంటి ఆవకాయ ఆయనకు. ఏ కొండవాలులోనో స్తంభం నీడన కూచుని తింటూ పనికిరాని కబుర్లు ఎన్ని చెప్పుకున్నామో ఇప్పుడు ఒక్కటీ జ్ఞాపకం లేదు గాని, ఆ కూచోవడం మాత్రం జ్ఞాపకం ఉంది.

తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి, మా తీగలకు విలువ తగ్గింది, శాఖలో మనుషులు పల్చబడ్డారు. ముందు బావ స్వచ్ఛందంగా ఉద్యోగం వదిలాడు, ఆయన వెనక నేనూ వదిలాను. ఆయన ఊరుకునే మనిషి కాదు. ఒక ప్రైవేటు ఫోను కంపెనీ మన జిల్లా అంతటా అతివేగ నెట్‌వర్క్ వేస్తోందని, దానికి సర్వే చేసే కాంట్రాక్టరు దగ్గర ముఠాకు పెద్దగా కుదిరి, దారులన్నీ తెలిసినవాడు కావాలని నన్ను పిలిచాడు. పని ఏమిటంటే, కారులో ఒక లాప్‌టాప్, దానికి తీగలతో కట్టిన నాలుగు ఫోన్లు పెట్టుకుని, చెప్పిన దారి వెంట మెల్లగా వెళ్లడం. సిగ్నలు బాగుంటే తెర మీద పచ్చ చుక్క పడుతుంది, అంతంతమాత్రమైతే పసుపు, అసలు లేకపోతే ఎరుపు. ఎరుపు పడ్డ చోట కొత్త టవరు వేస్తారు. యాభై దాటిన వయసులో మళ్లీ దారుల వెంట తిరగడం, అందులోనూ బావతో తిరగడం, నాకు పండగలాగే ఉండేది.

మా మేనత్త ఊరి దారిలో కొండ మలుపు దగ్గర్నించి ఊరి చివరి ఇల్లు దాకా ఒక్కటంటే ఒక్క పచ్చ చుక్క పడలేదు. అన్నీ ఎరుపే. కొండ అడ్డు, మరేం కాదు. నేను చూశాను, బావ చూశాడు, కారు నడిపినతనూ చూశాడు. ఆ సాయంత్రమే టవరు సంగతి అడిగాను. రాస్తాను బావా అన్నాడు. రెండు వారాలు పోయాక మళ్లీ అడిగితే, "పని ఆర్డరు వొచ్చీసినాది బావా, రెండు నెల్లు తిరిగీసరికి కొండ మీద టవరు నిలబడతాది, మీ మావని ఇంక అరవొద్దని సెప్పు" అని నా భుజం తట్టాడు. తిరిగిన దారుల లెక్క రాసే రూట్ షీట్ల మీద నా సంతకం ఉండాలి, ప్రతిసారీ రుషికొండలో కాంట్రాక్టరు ఆఫీసు దాకా ఎందుకు వస్తావు అని, ఖాళీ కాగితాలు ఒక కట్ట తెచ్చి మా ఇంట్లోనే సంతకాలు పెట్టించుకున్నాడు. మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగుతూ, చదవవలసింది ఏమీ లేదు గనుక చదవకుండానే, కట్టంతా పెట్టేశాను.

ఇక్కడే నేను చేసిన పని చెప్పాలి. అప్పటికి మా మేనత్త ఇంటి ఫోను నెలలో సగం రోజులు మూగగా ఉండేది. స్తంభాలు ఒరిగిపోయాయి, బాగుచేసే నాథుడు లేడు. అయినా మిగతా సగం రోజులు పలికేది. నేను వెళ్లి, ఇంకా ఈ పాత సామాను ఎందుకు, రెండు నెలల్లో ఊళ్లో ప్రతి జేబులోనూ ఫోను మోగుతుంది అని ఊరందరి ముందూ చెప్పి, కనెక్షను తీసేయమని దరఖాస్తు నా చేతులతోనే రాసి, మావయ్య చేత వేలిముద్ర వేయించి, ఆ ఫోను పెట్టెను నా సంచిలోనే పెట్టుకుని తీసుకొచ్చి ఎక్స్ఛేంజిలో అప్పగించాను. మావయ్య వీధి చివర దాకా నాతో వచ్చాడు. ఇంక తీగ లేకుండా మాటెలా ఎల్తాదిరా అని అడిగాడు. గాల్లో వెళ్తుంది మావయ్యా అన్నాను, ఎంతో తెలిసినవాడిలాగ.

రెండు నెలలు కాదు, ఆరు నెలలు గడిచాయి. ఆనందపురంలో బెలూన్లు కట్టిన వ్యాను పెట్టి సిమ్ములు పంచారు, ఊళ్లో వాళ్లందరూ తెచ్చుకున్నారు. నీళ్ల ట్యాంకు పక్కన ఒక బండ ఉంది, దాని మీద నిలబడి ఫోను ఉత్తరం వైపు పట్టుకుంటే ఒక గీత వచ్చేది, మాట సగం వినిపించి తెగిపోయేది. నేను బావను అడిగినప్పుడల్లా అదిగో అంటే ఇదిగో అనేవాడు. సిమెంటు వచ్చిందనేవాడు, రాడ్లు రావాలనేవాడు. నేను అదే మాట తీసుకెళ్లి ఊళ్లో చెప్పేవాణ్ణి.

ఒకనాటి పొద్దున్న, పూల ఆటో మార్కెట్‌కి వెళ్లిపోయిన కాసేపటికి, మావయ్య గంప పక్కన కూచుని దండకు ముడి వేస్తూ వేస్తూ కుడి పక్కకు ఒరిగిపోయాడు. మూతి వంకరపోయింది, మాట ముద్దయింది. అరవై దాటిన మా మేనత్త ఫోను పట్టుకుని ఆ బండ ఎక్కింది. అంబులెన్సు నంబరు కొడితే రింగవుతుంది, హలో అంటారు, ఊరి పేరు చెప్పబోయేసరికి తెగిపోతుంది. ఎన్నిసార్లు కొట్టిందో ఆవిడకే తెలియదు. చివరికి పక్కింటాయన మోటారు సైకిలు మీద కొండ మలుపు దాటి హైవే దగ్గరికి వెళ్లి ఫోను చేస్తే అంబులెన్సు వచ్చింది. మావయ్య పెద్దాసుపత్రికి చేరేసరికి మూడు గంటలు దాటిపోయింది.

నేను వెళ్లేసరికి మరదలు వార్డు గుమ్మంలో నిలబడి ఉంది, నన్ను చూసి ముఖం తిప్పుకుంది. డాక్టరుగారు ప్రాణానికి భయం లేదన్నారు. మొదటి గంటల్లో తెచ్చి ఉంటే మాట దక్కే అవకాశం ఉండేదని, ఇక చెప్పలేమని అన్నారు. మా మేనత్త మంచం పక్కన నేల మీద కూచుని ఉంది. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నువ్వు సెప్పినావని ఫోను ఒగ్గీసినాం బాబూ" అంది, అంతే, మళ్లీ మావయ్య కాళ్లు ఒత్తుకుంటూ కూచుంది.

మర్నాడు రుషికొండ ఆఫీసుకు వెళ్లాను. బావ లేడు. కంప్యూటరు ముందున్న అమ్మాయికి ఊరి పేరు చెప్పి, టవరు పని ఎందాకా వచ్చిందమ్మా అని అడిగాను. ఆ అమ్మాయి మ్యాపు తెరిచి, ఇక్కడ టవరు అవసరమే లేదండీ, సిగ్నలు పూర్తిగా ఉంది కదా అని తెర నా వైపు తిప్పింది. కొండ మలుపు నుంచి ఊరి చివరి ఇల్లు దాకా వరిచేనులాగ పచ్చగా ఉంది. సర్వే చేసింది మీరేనండీ అని కింద సంతకం కూడా చూపించింది. నాదే.

అప్పుడే బావ మెట్లెక్కి వచ్చాడు. నా ముఖం చూసి సంగతి అర్థం చేసుకుని నన్ను వరండాలోకి తీసుకెళ్లాడు. మావయ్య సంగతి చెప్పాను. అయ్యో అన్నాడు, నిజంగానే కళ్లు తడిశాయి. కానీ ఆ తర్వాత అన్న మాటలు వినండి. "యాబై గడపల కోసం కొండ మీదికి కరెంటు లాగి, రోడ్డేసి, టవరెవడు ఎడతాడు బావా? ఎరుపుంటే జిల్లా అంతా అయిపోనాదని కంపెనీ సెప్పుకోలేదు, మన పని పాసవ్వదు. పైనోళ్లు పచ్చసెయ్యమన్నారు, సేసినాను."

మరి పని ఆర్డరు వచ్చిందని ఎందుకు చెప్పావు అన్నాను.

"నువ్వు అడుగుతానే ఉన్నావు కదా. ఏటో ఒకటి సెప్పాలి కదేటి."

నాకు పచ్చరంగు కన్నా, నా సంతకం కన్నా, ఆ మాటే ఎక్కువ తగిలింది. ఏటో ఒకటి. ఆ ఏటో ఒకటిని నేను మోసుకెళ్లి ఊరి మధ్య నిలబడి చెప్పాను. ఆయన నాకు చేసింది, ఏమీ తెలియకుండానే నేను వాళ్లకు చేశాను. మెట్లు దిగి వచ్చేశాను, ఆ పనిలోకి మళ్లీ వెళ్లలేదు.

చేయగలిగింది చేయకపోలేదు. ఆ సంతకం నాదేగాని ఆ చుక్కలు నావి కావని కంపెనీకి రాశాను. మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మీ ప్రాంతంలో నెట్‌వర్క్ సంతృప్తికరంగా ఉంది అని జవాబు వచ్చింది. పాత తీగ మళ్లీ వేయించుదామని ఎక్స్ఛేంజికి వెళ్తే స్తంభాలు పీకేశారు, రాగి ఎప్పుడో పోయింది. ఊరివాళ్ల సంతకాలతో కలెక్టరాఫీసు సోమవారం అర్జీలలో మూడుసార్లు నిలబడ్డాను. వచ్చి చూసినవాళ్లు హైవే దగ్గర ఆగి, ఫోను తీసి, ఇక్కడ బాగానే ఉందే అని వెళ్లిపోయారు.

మావయ్య మాట తిరిగి రాకుండానే మరి ఆరేళ్లు బతికాడు. నేను ప్రతి ఆదివారం వెళ్లేవాణ్ణి. మొదట్లో ఆ ఇంటి గుమ్మం ఎక్కడానికి కాళ్లు వచ్చేవి కావు. ఆయన మాత్రం అరుగు మీద చోటు చూపించి, ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకుని కూచునేవాడు. పొద్దున్నే మార్కెట్ ధర ఇప్పుడెవరూ వీధిలో చాటరు, ట్యాంకు పక్కన బండ మీదికెక్కి ఎవరికి వాళ్లే కనుక్కుంటారు. మరదలు రెండేళ్లకు నాతో మాట కలిపింది, మా మేనత్త కలపమంటేనే కలిపిందని తర్వాత తెలిసింది.

బావ రుషికొండ వైపే ఇల్లు కట్టుకున్నాడు. ఒకసారి బీచ్ రోడ్డులో ఎదురై, బావా అని రెండడుగులు ముందుకు వేశాడు. జుట్టంతా తెల్లబడిపోయింది. నేను సముద్రం వైపు చూస్తూ నడిచి వెళ్లిపోయాను. కోపంతోనే వెళ్లానని చెప్పుకున్నాను గాని, ఇంటికొచ్చి ఆ పూట అన్నం తినలేకపోయాను. స్నేహితుడు పోతే ఏడవడానికి నలుగురు వస్తారు, ఉండగానే పోయినవాడికి ఎవరొస్తారు?

ఇప్పటి పిల్లలు ఫోను పలక్కపోతే నెట్‌వర్క్ లేదంటారు, ఎండ కాసింది, వాన పడింది అన్నట్టు. మా రోజుల్లో ఫోను పలక్కపోతే మా ఇంటికే వచ్చి, పేరు పెట్టి తిట్టేవాళ్లు. ఆ తిట్లు తిని నిచ్చెన ఎత్తుకుని వెళ్లేవాళ్లం. తుఫాను వెలిసిన మర్నాడు ఏ స్తంభం మీద చూసినా మా టెలిఫోన్ తీగ మీద కరెంటు తీగ తెగి పడి ఉండేది. నేను స్తంభం ఎక్కేవాణ్ణి, బావ వెళ్లి సరఫరా తీయించి వచ్చి, కింద నిలబడి తలెత్తి, పట్టుకో బావా అనేవాడు. పట్టుకునేవాణ్ణి. ఇరవై ఏళ్లలో ఒక్కసారైనా, నిజంగా తీయించావా అని అడగలేదు. అడగాలని తోచలేదు.

మొన్న వంటింట్లో ఫ్యూజు పోయింది. మెయిన్ ఆపాను. ఆపింది నేనే, నా చేత్తోనే. అయినా టెస్టరు పెట్టి చూశాను, చాలక మళ్లీ చూశాను. జీవితమంతా తీగల మీద బతికినోడికి ఇంత బయ్యమేటని మా ఆవిడ నవ్వింది. భయం కాదే అన్నాను, టెస్టరు మూడోసారి పెట్టి చూసి గాని తీగ మీద చెయ్యి వేయలేదు.